దడి పీకినవాడు

మా దీవిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు: జకియా కొడుకు వజ్దీ ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా సముద్రంలోకి నడిచిపోయి, సొంత మేనమామ మొఖ్తార్ కట్టుకున్న చేపల దడిని పీకి పారేశాడని. కాఫీ దుకాణంలో చెబుతారు, ఫెర్రీ మీద చెబుతారు, పెళ్ళి విందుల్లో ఆక్టోపస్ వేసిన బార్లీ జావ తాగుతూ చెబుతారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ చూసినవాళ్ళు కారు. ఎదుటి తీరాన ఉన్న స్ఫాక్స్ నగరంలో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి, విశ్రాంతి కోసం పుట్టిన దీవికి తిరిగివచ్చినవాణ్ణి నేను. చూడనివాళ్ళ దగ్గరే వివరాలు ఎక్కువగా దొరుకుతాయన్న సంగతి నాకు కొత్త కాదు.

జకియా నా చెల్లెలు. భర్త పోయాక ఆమె, కొడుకు వజ్దీ, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. వజ్దీ పుట్టిన రాత్రి గాలివాన, అవతలి ఆసుపత్రికి పోవడానికి ఫెర్రీ కదలలేదు, బిడ్డ మెదడుకు అందవలసిన ప్రాణవాయువు అందలేదు. ఇరుగుపొరుగు దీన్ని జిన్నుల పని అంటారు. నేను ఫెర్రీ అంటాను. వాడికి మాటలు తక్కువ, ఓపిక ఎక్కువ. ఒక పని నేర్పడానికి నెల పట్టేది. నేర్చాక మాత్రం ఆ పనిని వాడి చేతుల్లోంచి ఎవరూ లాక్కోలేరు.

నేను చెప్పబోయేది వాడికి పద్దెనిమిది నిండిన శరత్కాలం సంగతి. అంతవరకు వాడు వెళ్ళిన పిల్లల కేంద్రంలో ఆ వయసు దాటినవాళ్ళను ఉంచుకోరు. రోజూ వాకిట్లోకి వచ్చే నీలం బస్సు ఆ తరువాత రాదు. అయితే ఆ ఏడు మొదటిసారిగా, ఒక సంస్థవాళ్ళు తీరం పక్కన ఇలాంటి యువకుల కోసం ఒక ఇల్లు తెరవబోతున్నారు. అందరూ దాన్ని పెద్దల ఇల్లు అనేవారు. పగలు ఏదో ఒక పని, మధ్యాహ్నం భోజనం, వారంలో కొన్ని రాత్రులు అక్కడే పడక. జకియాకు అది దీవిలో తెరుచుకున్న ఒకే ఒక తలుపు. "నేను పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్నకు ఆమె జీవితంలో మొదటిసారి దొరికిన జవాబు.

పిల్లల కేంద్రం నుంచి పెద్దల ఇంటికి వజ్దీని చేర్చే బాధ్యత రీమ్ అనే అమ్మాయిది. రాజధాని నుంచి వచ్చింది. ఎండకు మొహం కందిపోయినా టోపీ పెట్టుకునేది కాదు. వేసవి చివర ఆమె మా ఇంటికి వచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. వజ్దీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. జకియా చేయి అలవాటు చొప్పున ముందుకు పోయింది.

"ఆగండమ్మా," అంది రీమ్.

"వాడికి పై గుండీ రాదమ్మా."

"రాకపోతే రానివ్వండి. అక్కడ మీరుండరు కదా."

గుండీ పట్టడానికి చాలాసేపు పట్టింది. జకియా తన రెండు చేతుల్నీ ఒడిలో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుని కూర్చుంది. గుండీ పట్టాక వజ్దీ మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. రీమ్ మెచ్చుకోలేదు, తరువాతి పని ఏమిటని అడిగింది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఆమె పద్ధతి క్రమబద్ధమైనది. వారంలో కొన్ని రోజులు పాత కేంద్రం, కొన్ని రోజులు అలవాటు కోసం, ఇంకా పూర్తిగా తెరవని కొత్త ఇల్లు. కొత్త ఇంటికి బస్సు రాదు కాబట్టి దారి గుర్తుపట్టడం, తలుపు గంట కొట్టడం, ఆకలి లేకపోతే ఆ మాట వంటామెకు చెప్పడం నేర్పించింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరైనా ఏదైనా అడిగితే తల్లి వైపు తిరగకుండా తానే నోరు విప్పి గట్టిగా జవాబు చెప్పడం నేర్పింది. "తిన్నావా?" "తిన్నాను." "కడిగావా?" "కడిగాను." వాకిట్లో ఆ ఇద్దరి గొంతులూ పాఠం అప్పజెప్పినట్టు వినిపించేవి. ఇక మిగిలింది పని. పెద్దల ఇంట్లో చేరేవాడికి దీవిలో ఎవరో ఒకరు పనికి గురువుగా నిలబడాలన్నది నియమం. నా తమ్ముడు మొఖ్తార్ ఎవరూ అడగకముందే ముందుకు వచ్చాడు.

"నా మేనల్లుడికి ఇంకొకడు గురువేంటి?" అన్నాడు. "దడి పని నేను నేర్పిస్తా. వీడికున్న ఓపిక నా కొడుక్కి ఉంటే ఈపాటికి మేడ కట్టేవాణ్ణి."

మొఖ్తార్ కొడుకు నూమాన్ అప్పటికే దడి పని వదిలేసి ఏదో పెద్ద పడవ మీద కూలికి పోతున్నాడు.

మా దగ్గర చేపలు పట్టడం అంటే సముద్రంలో దడి కట్టడం. ఖర్జూరపు మట్టలు ఇసుకలో పాతి, ఒకదానికొకటి అల్లి, నీటి మధ్య పెద్ద గోడలా కడతారు. నీరు వెనక్కి తగ్గేటప్పుడు చేపలు ఆ గోడ వెంట పోయి చివరనున్న బుట్టల్లో పడతాయి. ఆ చోటు తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది, నేల మీద పొలం వచ్చినట్టే. వేసవి ఎండలు తగ్గాక పాత మట్టలు పీకేసి కొత్తవి పాతుతారు. ఈ పనికంతటికీ చంద్రుడే మేస్త్రి. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం బాగా వెనక్కి పోతుంది. దాన్ని బతికిన నీరు అంటారు. సగం చంద్రుడి రోజుల్లో నీరు ఉన్నచోటే నిలబడిపోతుంది. దాన్ని చచ్చిన నీరు అంటారు. న్యూటన్ పేరు వినని మా తాతకు కూడా ఈ లెక్క తప్పేది కాదు. మా దీవిలో ముహూర్తాల గురించి, దర్గాల గురించి నేను చాలామందితో వాదించాను గాని, నీటి గురించి వాదించవలసిన అవసరం ఎవరితోనూ రాలేదు.

ఒక పౌర్ణమి మర్నాడు, బతికిన నీటిలో, వజ్దీని మొదటిసారి దడి దగ్గరికి తీసుకుపోయాం. ఒడ్డు నుంచి చాలాదూరం మోకాలి లోతే. మధ్యలో ఒక కాలువ అడ్డం వస్తుంది. నీరు ఎంత తగ్గినా అక్కడ మొఖ్తార్‌కు రొమ్ముదాకా ఉంటుంది. వజ్దీ అక్కడ ఆగిపోయాడు. వాడికి నీళ్ళంటే భయం. చెవుల్లో నీళ్ళు పడితే తల కొట్టుకుంటాడు. మొఖ్తార్ ఇంకో మాట లేకుండా వాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాడు.

"గాడిద అంత అయ్యావు, మేనమామ మెడ మీద ఊరేగుతున్నావు. పెళ్ళికొడుకువి అనుకుంటున్నావా?"

"అనుకుంటున్నాను," అన్నాడు వజ్దీ, రీమ్ నేర్పినట్టు గట్టిగా. మొఖ్తార్ నవ్వి, కాలువ మధ్యలో దాదాపు తూలాడు.

దడి దగ్గర మొఖ్తార్ వాడికి ఒక్క పని చూపించాడు: కుళ్ళిన పాత మట్టను రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ ఊపి, పైకి పీకడం. వాడికి ఆ పని ఎంత నచ్చిందంటే, తిరిగివచ్చాక రెండు రోజులు ఇంట్లో కుర్చీ కాళ్ళను కూడా పట్టుకుని ఊపాడు. "పీకావా?" అని మొఖ్తార్ అడిగితే, "పీకాను" అనేవాడు. అది ఆ ఇద్దరి మధ్య ఆటయింది. వీధిలో ఎదురైతే సలాముకు బదులు అదే. ఆ తరువాత ప్రతి మంగళవారం మధ్యాహ్నం జకియా వాణ్ణి ఒడ్డు మీద మొఖ్తార్ గుడిసె దగ్గర దింపేది. అక్కడ బుట్టలు అల్లడం నేర్చుకునేవాడు. సాయంత్రం తీసుకువచ్చేది. మధ్యలో ఉండకూడదన్నది రీమ్ షరతు. జకియా ఆ గంటల్లో ఏం చేయాలో తెలియక, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది.

అక్టోబరులో నా కుడికంటి పొర తీయించుకోవడానికి స్ఫాక్స్ వెళ్ళాను. కట్టు విప్పింది ఒక మంగళవారం మధ్యాహ్నం. డాక్టరు నన్ను కిటికీ దగ్గరికి నడిపించి, ఏం కనిపిస్తోందని అడిగాడు. లేత ఆకాశంలో, మేడల పైన, కత్తితో కోసినట్టున్న అరచందమామ. అదే చెప్పాను. అందరూ ఎదురుగా ఉన్న మసీదు మినారు చెబుతారు, మీరొక్కరే చందమామను చెప్పారని ఆయన నవ్వాడు. ఇన్నాళ్ళ మసక తరువాత ఒక గీత అంత నిక్కచ్చిగా కనిపించడం నాకు పిల్లవాడికి కలిగేంత సంతోషం కలిగించింది. చుక్కల మందు వేయించుకోవడానికి ఇంకో రెండు వారాలు అక్కడే ఉండమన్నారు.

అదే మధ్యాహ్నం దీవిలో ఏం జరిగిందో తిరుగు ఫెర్రీ మీద కూరగాయలమ్మే ఒకాయన చెప్పాడు. మొఖ్తార్ మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజుకు పోయాడట. వచ్చేసరికి గుడిసె దగ్గర వజ్దీ లేడట. దూరంగా దడి దగ్గర నిలబడి, మట్టల్ని పీకి నీళ్ళలోకి విసురుతున్నాడట. మొఖ్తార్ పోయి పట్టుకొచ్చేలోపు సగం గోడ పోయిందట. "సొంత మామ కాబట్టి ఊరుకున్నాడు మాస్టారూ," అని, నా చేతిలో రెండు దానిమ్మకాయలు పెట్టాడు, పరామర్శకు వచ్చినట్టు.

ఇంట్లో జకియా నన్ను చూసి లేవలేదు.

"వాడి ప్యాంటు పొడిగా ఉంది పెద్దన్నయ్యా," అంది. "ఆ సాయంత్రం నేనే విప్పాను. పాదాలకు ఇసుక ఉంది, అంతే. అందరికీ చెప్పాను. తల్లివి కదా, అలాగే చెబుతావంటున్నారు."

"మొఖ్తార్ ఏమన్నాడు?"

"ఎండకు ఆరిపోయి ఉంటుందన్నాడు."

వజ్దీ గోడ పక్కన కూర్చుని, సగం అల్లిన బుట్ట మూతిని ఒళ్ళో తిప్పుతున్నాడు. నన్ను చూసి ముందు నా కన్ను వైపు వేలు చూపించాడు. తరువాత, "మంగళవారం," అన్నాడు. నేను తిరిగివచ్చిన ఆ రోజు కూడా మంగళవారమే; వాణ్ణి గుడిసెకు ఎవరూ తీసుకుపోలేదు.

ఆ సాయంత్రమే రీమ్ వచ్చింది. నేను లేనప్పుడు పెద్దల ఇంటి సంఘం సమావేశమైంది. ఆ ఇంటికి ప్రహరీ లేదు; వాకిలి దాటితే సముద్రం. చెప్పకుండా నీళ్ళలోకి పోయేవాణ్ణి చేర్చుకోలేమన్నారు. అందులో తప్పు పట్టడానికి లేదు. వాళ్ళు విన్నది నిజమైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. రీమ్ వాళ్ళతో వాదించిందట. ఆ అబ్బాయినే అడగండి, తన గురించి తాను చెప్పుకోగలడు అందట. వాణ్ణి పిలిపించారు. అధ్యక్షుడు మంచివాడే, మెల్లగా అడిగాడట: దడి మట్టలు పీకావా బాబూ?

"ఏమన్నాడు?" అన్నాను, తెలిసి కూడా.

"పీకాను, అన్నాడు మాస్టారూ." రీమ్ తన చేతులవైపు చూసుకుంది. "గట్టిగా చెప్పాడు. వాళ్ళమ్మ వైపు తిరగలేదు. చెప్పి, నా మొహంలోకి చూశాడు."

ఆమె ఏడవలేదు. జకియా లోపలికి పోయి, ఎవరూ అడగని టీ పెట్టింది.

అమావాస్య వచ్చింది. బతికిన నీటిలో నేను ఒక్కణ్ణే దడి దగ్గరికి నడిచాను. కాలువ దగ్గర నా వయసుకు తగని సాహసం చేశాను. అవతల చూసినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పీకిన మట్టకు మొదలు ఉంటుంది. పీకినచోట ఇసుకలో గుంట ఉంటుంది. అక్కడ మట్టల మొదళ్ళు ఇసుకలోనే ఉన్నాయి. మోకాలి ఎత్తున, వరసగా, అన్నీ ఒకే వైపుకు విరిగి ఉన్నాయి. అడుగునున్న సముద్రపు గడ్డి మధ్య, నాగలి పోయినట్టు, ఒక చాలు దడికి ఈ పక్కనుంచి ఆ పక్కకు తిన్నగా పోయింది. అలాంటి చాలును మనిషి చేయి గీయలేదు. పడవ అడుగున ఈడ్చుకుపోయే ఇనుప వల గీస్తుంది. ఆ వలలు నిషిద్ధం. అయినా వాటిని ఈడ్చే పడవలు రాత్రిళ్ళు దీపాల్లేకుండా తిరుగుతాయి. అవి ఎవరి పడవలో దీవిలో అందరికీ తెలుసు, ఎవరూ పేరెత్తరు.

మొఖ్తార్ గుడిసె ముందు కూర్చుని మట్టల ఈనెలు చీలుస్తున్నాడు. నా ప్యాంటు నుంచి నీళ్ళు కారడం చూశాడు. ఎక్కడినుంచి వస్తున్నానని అడగలేదు.

"గడ్డిలో చాలు చూశాను," అన్నాను.

అతను ఇంకో ఈనె చీల్చాడు. తరువాత కత్తి కింద పెట్టాడు.

"నూమాన్ ఉన్నాడు అన్నయ్యా ఆ పడవ మీద. ముందు రోజు రాత్రి దీపాలు ఆర్పుకుని వచ్చారు. ఎటు పోతున్నారో వాళ్ళకే తెలీలేదు. సొంత తండ్రి దడిలోంచి వల ఈడ్చుకుపోయాడు వెధవ. పొద్దున వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు."

"అయితే?"

"అయితే ఏంటి? దడి పడిపోయింది, ఊరంతా చూస్తోంది. ఎవరో ఒకరు పడగొట్టాలి కదా. కోస్ట్‌గార్డులకు తెలిస్తే నా కొడుకుని జైల్లో పెడతారు. వజ్దీని ఎవరు పెడతారు? వాడి మీద కేసుండదు, వాడికి చెడ్డపేరు అంటే ఏంటో తెలీదు. ఇంట్లో తల్లి ఉంది, నువ్వున్నావు. వాడికి పోయేదేముంది?"

పోయినదేమిటో చెప్పాను. పెద్దల ఇల్లు, దాని పడక, మంగళవారాలు, జకియా అడుగుతూ వచ్చిన ప్రశ్నకు దొరికిన జవాబు. మొఖ్తార్ విన్నాడు. సంఘం దాకా పోతుందని తాను అనుకోలేదన్నాడు. అనుకోలేదన్న మాట నేను నమ్మాను. అయితే సంఘం ముందుకు వచ్చి నిజం చెప్పమన్నప్పుడు కత్తి మళ్ళీ తీసుకుని ఈనెలు చీల్చసాగాడు.

"నీకు కొడుకుల్లేరు అన్నయ్యా," అన్నాడు, కోపం లేకుండా.

వాడు పీకానని చెబుతాడని అతనికి తెలుసునా అని అడుగుదామనుకున్నాను. ఆ ఆటను మొదలుపెట్టినవాడు అతనే. ఆ ప్రశ్న నోటిదాకా వచ్చింది. జవాబు అతని మొహంలో ముందే కనిపించింది.

నూమాన్ పేరు చెప్పకుండానే పని జరిగే మార్గం ఒకటి నాకు తోచింది. అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్రధాన భూభాగం మనిషి, శ్రద్ధగా విన్నాడు. మీరు పిల్లవాడి మేనమామ, పైగా బడిపంతులు. సముద్రం మీద బతికేవాళ్ళలో ఒక్కరు వచ్చి ఇదే మాట చెబితే కేసు మళ్ళీ తెరుస్తానన్నాడు. అది న్యాయమైన షరతే. నేను నేరుగా కాఫీ దుకాణానికి పోయాను. అక్కడ రోజూ డొమినోలు ఆడే ముసలి పడవ యజమానులు నలుగురు ఉంటారు. చిన్నప్పుడు వాళ్ళ పక్కనే ఖురాను బడిలో బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి. పడవ ఊసు అక్కరలేదు, నూమాన్ ఊసు అక్కరలేదు, ఒక్క మాట వచ్చి చెప్పండి అన్నాను. ఆ మాట ఏమిటో కూడా చెప్పాను.

డొమినోలు ఆగాయి. వాళ్ళలో పెద్దవాడు హాజ్ సువైసీ. ఆయన కాలు పెడితే నీరు ఎంత ఉందో చెప్పగలడని పేరు.

"గాలి ఉంటే నీరు ఎటైనా పోతుంది మాస్టారూ," అన్నాడు. "ఆ రోజు గాలి ఉండి ఉంటుంది."

"ఉందా?"

"ఉండి ఉంటుంది."

ఆయన మనవడు ఏ పడవ మీద పనిచేస్తాడో నాకు గుర్తొచ్చింది. మిగతావాళ్ళ కొడుకులు, అల్లుళ్ళు కూడా గుర్తొచ్చారు. ఒకాయన నాకు టీ తెప్పించాడు, పైన బాదం పప్పులు వేయించి. ఎన్నడూ లేనంత మర్యాద చేశారు. దీవిలో ఇంత మంది ఒకే అబద్ధాన్ని నమ్మడం మూఢత్వం అనుకుంటూ ఇన్నాళ్ళూ వాళ్ళతో వాదించడానికి సిద్ధపడ్డాను. వాళ్ళలో ఒక్కడు కూడా దాన్ని నమ్మడం లేదని ఆ టీ తాగుతున్నప్పుడు అర్థమైంది.

చలికాలం మొదట్లో పెద్దల ఇల్లు తెరిచారు. రీమ్ ఇంకొన్ని ఇళ్ళకు తిరుగుతోంది. దారిలో మా వాకిలి దగ్గర ఆగుతుంది, ఎక్కువసేపు ఉండదు. జకియా వజ్దీ పై గుండీ మళ్ళీ తానే పెడుతోంది. మొఖ్తార్ కొత్త దడి కట్టుకున్నాడు. కట్టిన వారానికి, మొదటి చేపలు ఒక బుట్టనిండా మా వాకిట్లో పెట్టి వెళ్ళిపోయాడు. జకియా వాటిని పిల్లులకు వేసింది. వీధిలో అతను కనిపిస్తే వజ్దీ ఇప్పటికీ ఆగి, అతను అడగవలసిన ప్రశ్న కోసం ఎదురుచూస్తాడు. అతను తల దించుకుని పక్కకు తప్పుకుంటాడు. వెనకనుంచి వజ్దీ గట్టిగా చెబుతాడు: "పీకాను."

కాఫీ దుకాణంలో నేను చెప్పమని అడిగిన మాట ఇది. ఆ మంగళవారం మధ్యాహ్నం ఆకాశంలో ఉన్నది సగం చంద్రుడు. అది చచ్చిన నీరు. ఆ నీటిలో కాలువ మొఖ్తార్ తల మునిగేంత లోతు, పడవ లేకుండా ఎవరూ దడి దగ్గరికి పోలేరు. వజ్దీకి ఈత రాదు.